వెలయు విలువయు

హైదరాబాదు నగరమునకు తూర్పున, దిల్‌సుఖ్‌నగరునకును లాల్‌బహదూర్‌నగరునకును నడుమ చైతన్యపురి యను పేట కలదు. విజయవాడకు పోవు జాతీయ రహదారి ఈ పేట మీదుగనే సాగిపోవును. పైన స్తంభములపై మెట్రో రైలు పరుగిడుచుండును. క్రింద బస్సులు, లారీలు, ఆటోలు, కార్లు, స్కూటర్లు తెల్లవారినది మొదలు అర్ధరాత్రి వరకు ఎడతెగక ప్రవహించుచుండును. నేడు తళతళలాడుచు పోవు ఈ వాహనములలో దాదాపు అన్నియు ఒకనాడు తుక్కుసామాను దుకాణము చేరవలసినవే. సొంత కారునకు రిజిస్ట్రేషను మొదట పదునైదేండ్ల వరకే చెల్లును. ఆపైన పరీక్షలో నెగ్గినచో మరి యైదేండ్లు పొడిగింతురు. నడువజాలని బండిని విడదీసి, ఇనుమును ఒక ప్రక్క, రాగిని ఒక ప్రక్క పోగువేసి తూకమునకు అమ్ముదురు. కొన్ననాడు యజమాని దానికి పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి త్రొక్కించి యుండును. అమ్మిననాడు దానిని త్రాసునకు ఎక్కింతురు.

అయితే ఇదే నగరమున, చైతన్యపురికి పది కిలోమీటర్లైనను దూరములేని చౌమహల్లా ప్రాసాదములో ఒక పసుపువన్నె మోటారు కారు కలదు. దాని వయస్సు నూటపది సంవత్సరములు దాటినది. అది నేడు ఎవరిని ఎక్కించుకొని ఎచ్చటికిని పోదు. అయినను దేశదేశముల నుండి వచ్చువారు దాని ముందు నిలిచి కన్నులార చూచి పోవుచుందురు. ఇరువదియేండ్ల బండి తుక్కగుటయు, నూటపదేండ్ల బండి నిధి యగుటయు ఎట్లు సంభవించెను? రెండును ఇనుమే గదా! ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్నచో వెల యనగా నేమో, విలువ యనగా నేమో విడివిడిగా ఎరుగవలెను.

ఆ పసుపు కారు ఇంగ్లండులోని రోల్స్-రాయిస్ సంస్థవారు నిర్మించినది. ఆ సంస్థ 1906వ సంవత్సరమున ఏర్పడినది. అదే సంవత్సరమున వారు ఆరు సిలిండర్ల యంత్రముతో ఒక క్రొత్త కారును లోకమునకు చూపిరి. అందులో ఒక బండికి వెండిరంగు పూసిరి. అది ఏమాత్రమును చప్పుడు చేయక నీడవలె సాగిపోవుటచే దానికి ‘సిల్వర్ ఘోస్ట్’ అని, అనగా వెండిభూతమని పేరు వచ్చెను. 1907లో దానిని సుమారు పదునైదు వేల మైళ్ళు నడిపి పరీక్షించిరి. అది కడవరకు నిలిచి కీర్తి గడించెను. క్రమముగా ఆ పేరు ఆ జాతి కార్లన్నిటికిని వ్యాపించినది. 1926 వరకు ఇట్టివి ఏడువేల ఎనిమిది వందలకు పైగా తయారైనవి.

ఆ దినములలో రోల్స్-రాయిస్ వారు యంత్రమును, చక్రములను, అడుగుచట్రమును మాత్రమే చేసి యిచ్చెడివారు. దానిపై కూర్చుండు పెట్టెను, అనగా బండి ఒడలిని, గుఱ్ఱపుబగ్గీలు చేయుటలో చేయి తిరిగిన వేరొక సంస్థ నిర్మించెడిది. అందుచే ఒకే యంత్రము గల రెండు కార్లు చూచుటకు ఒకదానితో ఒకటి పోలిక లేక యుండెడివి. హైదరాబాదును పాలించిన ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఇట్టి కారును ఒకదానిని కోరెను. లండనులోని బార్కర్ సంస్థవారు దానికి ఒడలిని నిర్మించిరి. వెనుక ఆసనము ఇతర ఆసనములకంటె ఎత్తుగా, సింహాసనమువలె అమర్పబడినది. ఆసఫ్‌జాహీ వంశమునకు ప్రియమైన పసుపురంగు దానికి పూయబడినది. కాని కోరినవాడు ఆ కారు నెక్కలేదు. 1911 ఆగస్టు 29వ తేదీన మహబూబ్ అలీఖాన్ కాలధర్మము నొందెను. 1912 నాటి ఆ కారు ఆయన కుమారుడగు మీర్ ఉస్మాన్ అలీఖాన్ వశమయ్యెను. రాజోత్సవములందు తప్ప దానిని బయటికి తీయకుండుటచే అన్ని దశాబ్దములలోను అది నడచినది కొన్ని వందల మైళ్ళు మాత్రమే. చైతన్యపురి రహదారిపై ఒక ఆటో అంత దూరము కొలది దినములలోనే తిరుగును.

ఇట్టి వస్తువునకు ధర యెంత? పుస్తకములో చూచి చెప్పుటకు వీలులేదు. వెలపట్టిక యేదియు లేదు. ఒకే యొక్క చోట అది తేలును. అదియే వేలము.

వేలము మనకు క్రొత్తది కాదు. చెరువులోని చేపలు, తోటలోని మామిడికాపు, సంతపన్ను వసూలు చేయు హక్కు మన గ్రామములలో పూర్వమునుండియు వేలమువేయబడుచునే యున్నవి. చైతన్యపురికి దక్షిణమున నున్న బాలాపూరులో వినాయక నిమజ్జనము నాడు జరుగు లడ్డు వేలము తెలియనివారు ఈ నగరమున అరుదు. 1994లో ఆ లడ్డు ధర 450 రూపాయలు పలికినది. 2025లో అది 35 లక్షల రూపాయలకు చేరినది. ఈ నడుమ శనగపిండి ధర పెరిగినమాట నిజమే గాని, అన్ని వేల రెట్లు పెరుగలేదు. ఆ ధరను పిండియు, చక్కెరయు, నేయియు నిర్ణయించుట లేదు. ఆ ప్రసాదము తమ ఇంట నున్నచో మేలు కలుగునను నమ్మకమును, ఊరందరి యెదుట దానిని గెలుచుకొను గౌరవమును, ఎదుటివాడు పాట పెంచినప్పుడు తగ్గరాదను పట్టుదలయు నిర్ణయించుచున్నవి. పాత కార్ల వేలమును అర్థము చేసికొనుటకు ఇంతకంటె తేలికయైన ఉదాహరణము దొరకదు.

పాత కార్లను వేలమువేయు సంస్థలు ముందుగా ప్రతి బండిని గూర్చియు వివరముగా వ్రాసి పుస్తకము ప్రకటించును. ఇంతనుండి ఇంతవరకు పలుకవచ్చునని ఒక అంచనా తెల్పును. సర్కారువారి పాటవలె, ఇంతకు తక్కువైనచో అమ్మనని యజమాని ఒక కనీసపు ధర నిర్ణయించుకొనును. అయితే దానిని సాధారణముగా రహస్యముగా నుంచుదురు. పాట సాగినపిదప సుత్తితో కొట్టి ముగింతురు. ఆ పలికిన మొత్తమునకు సంస్థవారి రుసుము కలియును. పత్రికలలో ప్రకటింపబడు ధరలలో పలుమారు ఆ రుసుము కూడ చేరియే యుండును.

పాటదారులు ధర పెంచుటకు ముందు నాలుగు సంగతులను విచారింతురు. మొదటిది, అట్టి బండ్లు లోకములో ఎన్ని మిగిలియున్నవి అనునది. రెండవది, బండి అసలుదియేనా అనునది. చట్రముపై చెక్కిన సంఖ్యయు, యంత్రముపైనున్న సంఖ్యయు కర్మాగారపు లెక్కలతో సరిపోవలెను. మొదటి ఒడలియే నేటికిని ఉండవలెను. ఎంతో సొమ్ము పోసి క్రొత్తదానివలె మెఱుగుపెట్టిన బండికంటె, పాతరంగుతో, అరిగిన తోలు ఆసనములతో మిగిలిన బండికి ఒక్కొక్కప్పుడు ఎక్కువ ధర వచ్చుటకు ఇదియే కారణము. మూడవది, దాని చరిత్ర. ఎవరు కొనిరి, ఎవరు ఎక్కిరి, ఏ పందెమున గెలిచెను అను విషయములకు కాగితములు కావలెను, నోటిమాట చాలదు. నాలుగవది, దాని ప్రస్తుతపు స్థితి. ఈ నాలుగును కుదిరినపిదప అయిదవది యొకటి మిగులును. అదే వస్తువును కోరువారు ఇద్దరైనను ఉండవలెను. ఒక్కడే ఉన్నచో అపూర్వ వస్తువైనను చౌకగనే పోవును.

దీనికి నిదర్శనముగా నిజాముగారి కారునకు తోబుట్టువు వంటి ఒక కారు కథను గమనింపవచ్చును. అదియు 1912 నాటి సిల్వర్ ఘోస్టే. దాని ఒడలిని నిర్మించినవారును బార్కర్ వారే. అది రాజుది కాదు, అయినను దాని మొదటి ఒడలి చెక్కుచెదరక నిలిచినది. ఆ కాలపు పెద్ద కార్ల ఒడళ్ళు పెక్కు పిదప తీసివేయబడి వేరు రూపములు పొందినవి. అందుచే మిగిలినది అపురూపమయ్యెను. కోర్గీ అను బొమ్మల సంస్థ పిల్లల ఆటకారునకు దానినే నమూనాగా గైకొనుటచే దానికి ‘కోర్గీ’ అను ముద్దుపేరు వచ్చినది. 2012లో ఇంగ్లండులోని గుడ్‌వుడ్‌లో బాన్‌హామ్స్ సంస్థ దానిని వేలమువేయగా సుమారు 47 లక్షల పౌనులు పలికెను. మరి నిజాముగారి కారు ఎంత పలుకును? ఎవరును చెప్పజాలరు. వేలమునకు రాని వస్తువు ధర ఊహయే గాని లెక్క కాదు.

వెల యెంత చంచలమైనదో బుగాటీ రాయల్ కారు కథ తెలుపుచున్నది. ఎత్తోరే బుగాటీ అను శిల్పి రాజులకు మాత్రమే అమ్మదలచి పన్నెండు లీటర్లకు మించిన యంత్రముతో ఈ కారును సంకల్పించెను. ఇరువదియైదు చేయదలచెను. ఇంతలో 1929 నాటి ఆర్థిక మాంద్యము లోకమును క్రమ్ముకొనెను. ఆరు మాత్రమే మిగిలినవి. వానిలో మూడు మాత్రమే అమ్ముడుపోయినవి. కారులకై చేసిన యంత్రములను ఫ్రాన్సుదేశపు రైలుబండ్లలో అమర్చవలసి వచ్చినది. ఆరింటిలో ఒకటి న్యూయార్కు నగరమున తుక్కుసామాను దొడ్డిలో పడియుండగా, చార్లెస్ చెయిన్ అను మోటారు ఇంజనీరు చూచి కొన్ని వందల డాలర్లకు కొనెను. పిదప ఆయన దానిని బాగుచేయించి హెన్రీ ఫోర్డ్ మ్యూజియమునకు దానము చేసెను. ఆరింటిలో మరియొకటి 1986లో వేలమునకు రాగా 65 లక్షల డాలర్లు పలికెను. ఆ దొడ్డిలోని కారును తూకమునకు అమ్మజూచినవాడు దానిని ఇనుముగా చూచెను. ఇంజనీరు దానిని బుగాటీగా చూచెను. వస్తువు మారలేదు, చూపు మారినది.

ఇంతవరకు చెప్పినది ఒక్కొక్క బండి మాట. ఒక మ్యూజియములోని సంగ్రహమే వేలమునకు వచ్చినప్పుడు మరియొక ప్రశ్న పుట్టును. అప్పుడు ఎంత పలికినదని మాత్రమే గాక, అమ్మవచ్చునా అని కూడ అడుగవలసి యుండును.

అమెరికాలో నెవాడా రాష్ట్రమున రీనో పట్టణమున విలియం హారా అను సంపన్నుడు దాదాపు పదునాలుగు వందల పాత కార్లను సేకరించెను. ఒక్కొక్క దానికి గ్రంథములు వెదకి, పనివారిని పెట్టి, మొదటి రూపమునకు తెప్పించెను. 1978లో ఆయన మరణించెను. 1980లో ఆయన సంస్థను వేరొక హోటళ్ళ సంస్థ కొనెను. కొన్నవారికి కార్లపై మక్కువ లేదు. వారు 1984 మొదలు 1986 వరకు వరుసగా వేలములు జరిపి సంగ్రహములో పెద్దభాగమును అమ్మివేసిరి. పైన చెప్పిన 65 లక్షల డాలర్ల బుగాటీ ఆ వేలములలోనిదే. ప్రజలు ఆందోళన చెందుటచే 175 కార్లను మాత్రము ఒక ధర్మసంస్థకు ఇచ్చిరి. 1989లో రీనోలో తెరువబడిన జాతీయ మోటారు మ్యూజియము వానితో ఏర్పడినదే. మిగిలినవి వేయి ఇండ్లకు చేరెను. అవి నశింపలేదు, కాని ఒకే చోట వరుసగా నిలిచి మోటారుబండి ఎట్లు పెరిగెనో చెప్పిన పాఠము మాత్రము నశించెను. పుస్తకమును చింపి పుటలను విడివిడిగా అమ్మినచో ఎక్కువ సొమ్ము రావచ్చును. పుట లెవ్వియు పోలేదని సంతోషింపవచ్చును. చదువదలచినవానికి పుస్తకము మాత్రము దొరకదు.

అమ్ముట యెల్లప్పుడును తప్పని చెప్పుటయు న్యాయము కాదు. జర్మనీలో స్టుట్‌గార్ట్ నగరమున మెర్సిడెస్-బెంజ్ వారి మ్యూజియము కలదు. 1955లో ఆ సంస్థ తన ఇంజనీరగు రుడాల్ఫ్ ఉలెన్‌హౌట్ పేర రెండే రెండు పందెపు కార్లను చేసినది. 2022 మే 5వ తేదీన అందొకదానిని ఆ మ్యూజియములోనే వేలమువేయగా 13 కోట్ల 50 లక్షల యూరోలు పలికెను. అంతవరకు ఏ కారునకును వేలములో అట్టి ధర వచ్చియుండలేదు. ఆ సొమ్ముతో విద్యార్థులకు వేతనములిచ్చు నిధి స్థాపింపబడినది. రెండవ కారు మాత్రము మ్యూజియమునకే మిగిలినది. అనగా ఒక ప్రతిని అమ్మిరి, మరియొక ప్రతిని నిలుపుకొనిరి. కథ తెగలేదు.

మరియొకటి అమెరికాలోని ఇండియానాపొలిస్ పందెపు మైదానపు మ్యూజియము. అది 1956లో స్థాపితమైనది. 2025 ఆరంభమున ఆ మ్యూజియమువారు తమ సంగ్రహములోని పదకొండు వాహనములను అమ్మనారంభించిరి. 1955లో ఫాంజియో అను మహాచోదకుడు బ్యూనస్ అయర్స్ పందెమున గెలిచిన మెర్సిడెస్ కారు ఫిబ్రవరి 1వ తేదీన 5 కోట్ల 11 లక్షల 55 వేల యూరోలకు పోయెను. దానిని 1965లో మెర్సిడెస్ సంస్థయే ఆ మ్యూజియమునకు బహూకరించి యుండెను. నాలుగు దినముల పిదప, 1965లో ఫ్రాన్సుదేశపు లెమాన్స్ పందెమున గెలిచిన ఫెరారీ కారు 3 కోట్ల 48 లక్షల 80 వేల యూరోలు పలికెను. అమ్మకమునకు వారు చెప్పిన కారణము గమనింపదగినది. తమ మ్యూజియము ఇండియానాపొలిస్ పందెపు కథను చెప్పుటకు ఏర్పడినదనియు, ఈ కార్లు ఆ కథకు చెందినవి కావనియు, వచ్చిన సొమ్ముతో మిగిలిన సంగ్రహమును కాపాడుదుమనియు వారు పలికిరి. బహుమతిగా వచ్చినదానిని అమ్ముట తగునా యని శంకించువారికిని ఇందు చోటు కలదు. అయినను వారి మాటలో ఒక కొలత దొరకుచున్నది: ఈ వస్తువు ఇచ్చటి కథకు చెందినదా, వచ్చిన ధనము దేనికి పోవును? ఈ రెండు ప్రశ్నలకును నిజాయితీగా సమాధానము చెప్పగలిగినవారే అమ్ముటకు అర్హులు.

ఇందుకు వేరైన మార్గమును ఫ్రాన్సుదేశము చూపినది. ముల్హౌస్ పట్టణమున ష్లుంఫ్ సోదరులు ఉన్నిమిల్లులు నడుపుచు, మిల్లు గోడల వెనుక నాలుగు వందలకు పైగా కార్లను రహస్యముగా పోగుచేసిరి. వానిలో నూటికి పైగా బుగాటీలే యుండెను. మిల్లులు నష్టపడి మూతపడెను. జీతములు లేక వీధిపాలైన కార్మికులు 1977లో ఆ భవనమును ఆక్రమించి, తలుపులు తెరచి చూచి నివ్వెరపోయిరి. తమ శ్రమఫలమంతయు లోపల మెఱయుచుండెను. అప్పులవారు కార్లను అమ్మి బాకీలు తీర్చుకొనజూచిరి. కాని 1978లో ప్రభుత్వము ఆ సంగ్రహమును చారిత్రక సంపదగా నిర్ణయించి చెదరిపోకుండ నిలిపినది. 1982లో అది జాతీయ మ్యూజియమై అందరికిని తెరువబడెను.

ఇట్టి పరీక్ష మన హైదరాబాదునకును వచ్చినది. అయితే అది కార్ల మూలమున గాదు. మూడవ సాలార్‌జంగు 1949లో సంతానము లేక మరణించినప్పుడు, ఆయన జీవితమంతయు సేకరించిన అపూర్వ వస్తుసంచయము వారసుల నడుమ పంపకమై దిక్కులపాలు కావలసి యుండెను. ప్రభుత్వము పూనుకొని 1951 డిసెంబరు 16వ తేదీన నెహ్రూగారి చేతులమీదుగా దానిని ప్రజలకు తెరపించెను. పిదప వారసులును సమ్మతించిరి. 1961లో పార్లమెంటు శాసనము చేసి దానిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించెను. నిజాము ఆభరణముల కథ ఇంకను దీర్ఘమైనది. 1951లో ఏడవ నిజాము స్థాపించిన ధర్మకర్తృ సంస్థ వానిని తదుపరి కాలమున అమ్మజూడగా, అవి విదేశములకు పోరాదని ప్రభుత్వము న్యాయస్థానములలో ఏండ్లతరబడి పోరాడినది. తుదకు 1995లో 218 కోట్ల రూపాయలిచ్చి 173 ఆభరణములను కొనెను. వానిలో 184 కారట్లకు మించిన జేకబ్ వజ్రము ఒకటి. లోకపు వేలములో అవి ఇంకను ఎక్కువ పలికి యుండునని భావించువారు కలరు. నిజమే కావచ్చును. అయితే అమ్ముడుపోయిన పిదప అవి నిజాము ఆభరణములుగా ఒక్కచోట నుండెడివి కావు. అటులనే, రక్షించుట యనగా దాచుట మాత్రమే కాదని కూడ ఇందు తెలియుచున్నది. ఆ నగలు రిజర్వు బ్యాంకు భద్రకోశమున నుండి అప్పుడప్పుడు మాత్రమే ప్రదర్శనమునకు వచ్చుచున్నవి. ప్రజలు చూడజాలని సంపదకు విలువలో సగమే మిగులును.

చౌమహల్లాలోని పసుపు కారును ఈ కొలతతో కొలిచినచో సంగతి స్పష్టమగును. దానిని ఏ దూరదేశపు ధనికుడు కొన్నను అది యొక మంచి సిల్వర్ ఘోస్టుగా నిలుచును. కాని కోరిన తండ్రి ఎక్కకయే కన్నుమూసిన కథ, సింహాసనమును చక్రములపై నెక్కించిన ఒక సంస్థానపు వైభవము, ఆ వైభవమునకు పన్నులు కట్టిన రైతుల జ్ఞాపకము, ఇవన్నియు ఈ నేలకు చెందినవి. కారు పోయినచో ఇవి ఓడలో ఎక్కి వెంటపోవు.

రాజుల వాహనములకే యిట్టి గౌరవము తగునని తలపరాదు. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 ఆల్బియన్ బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రజలకై రోడ్డు రవాణాను ఆరంభించిరి. చైతన్యపురి రహదారిపై నేడు తిరుగు సిటీబస్సునకు ఆ ఆల్బియన్ బస్సే తాత. అట్టి బస్సు ఒకటి ముషీరాబాదులోని బస్ భవనమున భద్రపరుపబడినది. వేలమున సిల్వర్ ఘోస్టు పలుకు ధరలో అది ఎన్నవ వంతు పలుకునో! అయినను లక్షలాది సామాన్యుల ప్రయాణకథకు అది తొలిపుట. వెల తక్కువైనను విలువ తక్కువ కాదు.

ఇట్టి వస్తువులను కాపాడుటకు శాసనములును కలవు. 1972 నాటి పురావస్తు శాసనము ప్రకారము నూరేండ్లు దాటిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశములకు తరలింపరాదు. 2021లో కేంద్రప్రభుత్వము పాత వాహనములకు ప్రత్యేక నియమములు చేసినది. మొదటి రిజిస్ట్రేషను జరిగి యాబదియేండ్లు దాటి, అసలు రూపు చెడని సొంత కారునకును ద్విచక్ర వాహనమునకును వేరు రిజిస్ట్రేషను ఇత్తురు. దాని సంఖ్యలో ‘వి.ఎ.’ అను అక్షరములుండును. ప్రదర్శనములకును, ఊరేగింపులకును, మరమ్మతునకును దానిని రోడ్డుపైకి తేవచ్చును, నిత్యప్రయాణమునకు వాడరాదు. అయితే శాసనము బండిని కాపాడునే గాని దాని కథను కాపాడజాలదు. కొన్న రసీదు, మొదటి రిజిస్ట్రేషను పుస్తకము, దాని ప్రక్కన నిలిచి తీయించుకొన్న ఛాయాచిత్రము, ఎవరు ఎచ్చటికి నడిపిరను వ్రాత, ఇవి ఇంటివారే దాచవలెను. తాతగారి స్కూటరును తుక్కునకు వేయుట తప్పనిసరి యైనను, ఈ కాగితములనైనను త్రాసుపై పెట్టరాదు.

చైతన్యపురివారికి ఈ విషయమును బోధించుటకు వారి పేటలోనే ఒక గురువు కలదు. మూసీనది సమీపమున ఫణిగిరి యను గుట్టపై ఒక రాతిమీద ప్రాకృత భాషలో వ్రాయబడిన శాసనము కలదు. అది విష్ణుకుండిన రాజుల కాలము నాటిది; సుమారు పదునైదు వందల యేండ్లకు పూర్వపుది. గోవిందవర్మ పేర వెలసిన గోవిందరాజ విహారమును, అచ్చటి బౌద్ధభిక్షువులను అది పేర్కొనుచున్నది. పండితులు చదువనంతవరకు అది గుట్టపైని పెక్కు బండలలో ఒక బండ. చదివినపిదప ఈ నగరప్రాంతపు ప్రాచీనచరిత్రకు ఆధారము. దానిని త్రాసునకు ఎక్కించినచో కంకరధర పలుకును. ఆ యక్షరములకు పాట పాడగల పాటదారుడు మాత్రము లేడు.

వేలమున సుత్తి మూడవసారి పడినప్పుడు వెల తేలిపోవును. విలువ మాత్రము ఆ వస్తువును చూచి, దాని కథ తెలిసికొని, తరువాతివారికి చెప్పువారున్నంత కాలము నిలుచును. రహదారిపై పోవు బండ్లలో ఏది తుక్కగునో, ఏది నిధి యగునో నేడు ఎవరును చెప్పలేరు. అది కొంత కాలము చేతిలోను, కొంత మన చేతిలోను ఉన్నది.

ప్రశ్నలు

1. బాలాపూరు లడ్డు వేలమునకును, పాత కార్ల వేలమునకును గల పోలిక యేమి?
2. పాటదారులు విచారించు నాలుగు సంగతులెవ్వి? అయిదవది యేది?
3. రీనో, ఇండియానాపొలిస్, ముల్హౌస్ పట్టణములలో సంగ్రహములకు జరిగినదానిని పోల్చి వ్రాయుడు.
4. “ప్రజలు చూడజాలని సంపదకు విలువలో సగమే మిగులును” అను వాక్యమును సందర్భముతో వివరింపుడు.
5. మీ ఇంటనున్న పాతవస్తువు నొకదానిని ఎంచుకొని, పెద్దల నడిగి దాని చరిత్రను ఒక పుటలో వ్రాయుడు.